కన్నదా? తీశారా?

బిడ్డ పుట్టిందని ఫోనులో చెప్పగానే మన ఇళ్ళల్లో వచ్చే మొదటి ప్రశ్న "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని. రెండోది "నార్మలేనా?" అని. చివర ఆ 'నే' గమనించారా? జవాబు "కాదండీ, ఆపరేషను" అని వస్తే అవతలి గొంతు ఒక మెట్టు దిగుతుంది. "అయ్యో పాపం" అంటారు కొందరు. "ఈ రోజుల్లో అంతా డబ్బుల కోసమేనండీ" అంటారు కొందరు. "పోనీలెండి, నొప్పులు పడే బాధ తప్పింది" అని ఇంకొందరు. తల్లి ఎలా ఉందని అడిగేవాళ్ళ వంతు ఆ తరవాత.

మా చిన్నతనంలో బరంపురంలో మా ఇంటికి ఇలాంటి కబుర్లు పోస్టుకార్డు మీద వచ్చేవి. "చి.ల.సౌ. ఫలానా ఆమెకు సుఖప్రసవమైనది. తల్లీ బిడ్డా క్షేమం." అంతే. ఎలా కన్నదన్న గడి ఆ కార్డులో ఉండేది కాదు. ఇప్పుడు ఆ గడి వచ్చింది. మా బ్యాంకు ఉద్యోగుల ఆరోగ్య బీమా కాగితాల్లో కూడా కాన్పు అన్నచోట రెండు గళ్ళుంటాయి, నార్మల్ ఒకటి, సిజేరియన్ ఒకటి. ఖర్చులు వేరు కనక బీమావాళ్ళకి ఆ తేడా కావాలి. 2017లో సవరించిన ప్రసూతి సెలవు చట్టానికి మాత్రం ఆ తేడా పట్టలేదు. ఎలా కన్నా సరే, మొదటి ఇద్దరు బిడ్డలకీ 26 వారాల సెలవు. మరి మన చుట్టాలకి చట్టం పోలిక రాకుండా బీమా కంపెనీ పోలిక ఎందుకొచ్చిందో!

ఈ శీర్షిక కింద ఎప్పుడూ డిపాజిట్లు, వీలునామాలు, ఇంటి అప్పులు అంటూ రాసే నేను ఈసారి కాన్పుల సంగతి ఎత్తుకోవడానికి కారణం మా అమ్మాయి. తను రాయమంటేనే రాస్తున్నాను.

2022 ఆగస్టులో బెంగుళూరులో తనకి తొలి కాన్పు. తొమ్మిదో నెల వచ్చినా బిడ్డ తల కిందికి తిరగలేదు. మన పెద్దవాళ్ళు ఎదురుకాళ్ళ బిడ్డ అంటారే, అదన్నమాట. (ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మనలో ఒక నమ్మకం ఉంది. కడుపులో ఎదురుకాళ్ళతో ఉండి, ఆపరేషనుతో బయటికొచ్చిన మా మనవరాలికి ఆ అర్హత ఉందో లేదో ఇంకా తేలలేదు. నడుం నొప్పి మనిషైన మా వారు మాత్రం ఆశ వదులుకోలేదు.) డాక్టరమ్మ పొట్ట మీద చేతులతో మెల్లగా తిప్పి చూశారు. తిరగలేదు. 39 వారాలు నిండాక ఆపరేషను చేశారు. వెన్నులో సూది ఇచ్చారు కనక అమ్మాయి మెలకువగానే ఉంది, బిడ్డ ఏడుపు విన్నది, గంటలోపే పాలిచ్చింది. అంతా సవ్యంగానే జరిగింది.

పదో రోజున మా వియ్యపురాలు బళ్ళారి నుంచి వచ్చారు. మంచి మనిషి. మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని మురిసిపోతూ, "వదినా, మీ అమ్మాయి అదృష్టవంతురాలు. ఏ బాధా పడకుండా బిడ్డని ఎత్తుకుంది" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. అమ్మాయి కూడా నవ్వింది. ఆ రాత్రి బిడ్డని పడుకోబెట్టి నా మంచం దగ్గరికొచ్చి కూర్చుని, "అమ్మా, నేను దీన్ని కనలేదు కదా! వాళ్ళు తీశారు, నాకిచ్చారు. అంతేగా?" అంది.

నాకు నిద్ర పట్టలేదు. ఆలోచిస్తే చిక్కు మన మాటల్లోనే ఉందనిపించింది. కన్నతల్లి, కన్నకడుపు అంటాం. కనడమనేది తల్లి చేసే పని. ఆపరేషనైతే వాక్యంలో కర్తే మారిపోతుంది. "బిడ్డని తీశారు" అంటాం. తీసింది డాక్టర్లు. తొమ్మిది నెలలు మోసి, బల్ల మీద పడుకుని, ఒంటి మీద కత్తి పడనిచ్చిన మనిషి ఆ వాక్యంలో ఎక్కడా లేదు. ఇక పత్రికలవాళ్ళ సంగతి. సిజేరియన్ల లెక్కలు వచ్చినప్పుడు "కడుపు కోత" అని పెద్ద అక్షరాలతో వేస్తుంటారు. చమత్కారంగా ఉందనుకుంటారు కాబోలు. మన భాషలో కడుపుకోత అంటే బిడ్డని పోగొట్టుకున్న తల్లి శోకం. చక్కగా బతికున్న బిడ్డని పక్కలో వేసుకుని పేపరు తిరగేసే బాలింత కంట ఆ మాట పడితే ఎలా ఉంటుంది? ఆ శీర్షిక పెట్టిన పెద్దమనిషి తన ఇంట్లో బాలింత ఉంటే ఆ రోజు పేపరు దాచేస్తాడనే నా నమ్మకం.

అమ్మాయితో నేను "బిడ్డ బాగుంది కదా, ఇంకేం కావాలి?" అనలేదు. ఆ మాట 26 ఏళ్ళ కిందట నేను విని ఉన్నాను.

1996 నవంబరులో ఈ అమ్మాయే పుట్టినప్పుడు సంగతి. అప్పటికి ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. పురిటికి బరంపురం పుట్టింటికి వచ్చాను. పద్దెనిమిది గంటలు నొప్పులు పడ్డాను. తెల్లవారుజామున బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని హడావుడిగా లోపలికి తీసుకెళ్ళి పూర్తి మత్తు ఇచ్చారు. నాకు బాగా తెలివొచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే మా అమ్మ, అత్తగారు, ఆడపడుచు, మరిది, ఎదురింటి ఒరియా మామ్మ, ఆస్పత్రి ఆయా అందరూ బిడ్డని ఎత్తుకోవడం అయిపోయింది. ముక్కు ఎవరి పోలికో కూడా తేల్చేశారు. నా బిడ్డని చూసినవాళ్ళలో నేను ఆఖరిదాన్ని. ఆ సంగతి తలుచుకుని కళ్ళు తుడుచుకుంటే "తల్లీ బిడ్డా దక్కారు, అది చాలదా తల్లీ?" అన్నారు అందరూ.

చాలు. ఎందుకు చాలదు? కానీ బతికి బయటపడ్డామన్న సంతోషం ఎంత నిజమో, నా బిడ్డ తొలి ఏడుపు నేను వినలేదన్న లోటూ అంతే నిజం. మా బ్యాంకు పద్ధతిలో జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు రాస్తాం. జమ ఎక్కువుంది కదా అని ఖర్చు పద్దు కొట్టెయ్యం. మనసులో లెక్కలు రాసుకునే ఆడదాన్ని మాత్రం ఖర్చు వైపు కాగితం చింపెయ్యమంటారు.

మూడో రోజున ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు ఒకావిడ డ్రెస్సింగు మార్చడానికి వచ్చింది. ఊసుపోక అడిగినట్టుగా, "పుట్టగానే ఏడ్చిందా?" అని అడిగాను. ఆవిడ చేస్తున్న పని ఆపేసి మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. మెడకి బొడ్డుతాడు ఒక చుట్టు ఉందని, అది విప్పగానే పిల్ల ఊపిరి పీల్చి పెద్ద గొంతుతో ఏడ్చిందని, కుడిచెయ్యి పిడికిలి బిగించుకునే వచ్చిందని, డాక్టరు గారి చేతి మీద ఒంటికి పోసిందని, ఆయనతో సహా అందరూ నవ్వారని వరసగా చెప్పింది. అయిదు నిమిషాలు పట్టి ఉంటుందేమో. నేను చూడలేకపోయిన కాన్పుని ఆవిడ నాకు తెచ్చి ఇచ్చింది. ఇప్పటికీ మా అమ్మాయి పుట్టినరోజున నాకు గుర్తొచ్చేది ఆ నర్సు చెప్పిన పిడికిలే. ఆవిడ పేరు కూడా అడగలేదు.

అందుకని మా అమ్మాయి విషయంలో నేను చేసిన మొదటి పని, తనని చెప్పనివ్వడం. ఆపరేషను గదిలో ఎంత చలేసిందో, గుడ్డ తెర అవతల ఏం జరుగుతోందో తెలియక ఎంత భయమేసిందో, కడుపులో ఎవరో సంచీ వెతుకుతున్నట్టు లాగుడు ఎలా తెలిసిందో, చేతులు వణికి బిడ్డని సరిగా పట్టుకోలేకపోయానని ఎంత సిగ్గేసిందో చెప్పింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. ప్రతిసారీ కొంచెం తేడాగా చెప్పేది. నొప్పులు పడి కన్నవాళ్ళు తమ కాన్పు కథ ముప్ఫై ఏళ్ళు చెప్పుకుంటారు, మనం నోరు తెరుచుకుని వింటాం. ఆపరేషను అయినవాళ్ళ దగ్గర కథేముందిలే అనుకుంటాం!

రెండో పని, ఆరో వారం పరీక్షకి వెళ్ళినప్పుడు అమ్మాయి ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకెళ్ళింది. డాక్టరమ్మ విసుక్కోకుండా ఫైలు తెప్పించి, బొమ్మ గీసి చూపించారు. తొలి కాన్పులో ఎదురుకాళ్ళ బిడ్డ మామూలుగా వస్తే ఒళ్ళు ముందు వచ్చి తల ఇరుక్కునే ప్రమాదం ఉంటుందని, అలాంటి కాన్పు చేయించగల చేతులు కూడా ఇప్పుడు తగ్గిపోయాయని ఉన్నదున్నట్టు చెప్పారు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో అమ్మాయి, "అయితే నేనేదో తప్పు చేసి కాదన్నమాట" అంది. నెల రోజులుగా తను మెట్లెక్కడం వల్లా, ఆఫీసుకి స్కూటరు మీద వెళ్ళడం వల్లా బిడ్డ తిరగలేదని లోలోపల అనుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది.

ఈ ఆపరేషను పుట్టుక గురించి ఒక మాట. రోమను వీరుడు జూలియస్ సీజరు ఇలా పుట్టాడు కనకే ఈ పేరొచ్చిందని చిన్నప్పుడు చదువుకున్నాం. అది నిలిచే మాట కాదు. సీజరు పెద్దవాడై యుద్ధాలు చేసేనాటికి కూడా ఆయన తల్లి అరేలియా బతికే ఉంది. ఆ కాలంలో కడుపు కోస్తే తల్లి బతికే మాట లేదు. చనిపోయిన గర్భిణిని బిడ్డని తియ్యకుండా పాతిపెట్టకూడదని రోములో చట్టం ఉండేది. మన దగ్గర జైనుల గ్రంథాల్లో బిందుసారుడి కథ ఉంది. చంద్రగుప్తుడి రాణి విషం కలిసిన అన్నం తినడంతో చాణక్యుడు ఆమె కడుపు చీల్చి బిడ్డని కాపాడాడని, విషపు బిందువు తగిలింది కనక బిందుసారుడన్న పేరొచ్చిందని అంటారు. ఆ కథలో బిడ్డ చక్రవర్తి అయ్యాడు, తల్లి మాత్రం దక్కలేదు.

తల్లిని కూడా బతికించే ఆపరేషను వయసు నూటయాభై ఏళ్ళు కూడా లేదు. గర్భసంచిని కోశాక దానంతటదే ముడుచుకుంటుందని కుట్లు వెయ్యకుండా వదిలేసేవారట. రక్తం పోయీ, చీము పట్టీ తల్లులు చనిపోయేవారు. 1882లో జర్మనీలో మాక్స్ జేంగర్ అనే డాక్టరు గర్భసంచిని వెండి తీగతోనూ పట్టుదారంతోనూ జాగ్రత్తగా కుట్టడం మొదలుపెట్టాడు. తరవాత అడ్డంగా కింది భాగంలో చిన్న కోత, రక్తం ఎక్కించడం, పెన్సిలిన్ ఒక్కొక్కటే వచ్చాయి. పట్టుచీరల ఊరు బరంపురంలో పుట్టినదాన్ని కనక ఆ పట్టుదారం సంగతి చదివినప్పుడు నాకెందుకో ముచ్చటేసింది.

మా ఇంట్లోనే అటువంటి కథ ఒకటి ఉంది. మా అమ్మకి అక్క, నాకు పెద్దమ్మ, 1954లో పర్లాకిమిడి దగ్గర పల్లెలో తొలి కాన్పులో పోయింది. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని మూడు రోజులు తంటాలు పడింది. ఎడ్లబండి కట్టి పట్నానికి బయల్దేరితే దారిలోనే ఇద్దరూ పోయారు. ఈ కథ నేను అమ్మాయికి ఆ రాత్రి చెప్పలేదు. ఏడుస్తున్న పిల్ల నోరు మూయించడానికి పోయిన పెద్దమ్మని వాడుకోవడం నాకిష్టం లేకపోయింది. మనవరాలికి ఏడాది నిండాక తనే ఏదో మాట మీద అడిగితే చెప్పాను. అప్పుడు వింది. విని, పెద్దమ్మ పేరేమిటని అడిగింది.

ఇంకో వైపు కూడా చెప్పకపోతే ఆడిటరు ఒప్పుకోడు. అవసరం లేని ఆపరేషన్లు జరగడం లేదా అంటే, జరుగుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 100 కాన్పుల్లో 21.5 సిజేరియన్లు. 2005–06లో అది 8.5 మాత్రమే. తెలంగాణలో 60.7, తమిళనాడులో 44.9, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, కర్ణాటకలో 31.5, మహారాష్ట్రలో 25.4, మా ఒడిశాలో 21.6. దేశం మొత్తం మీద ప్రభుత్వ ఆస్పత్రుల్లో 14.3, ప్రైవేటులో 47.4. సరిహద్దు దాటగానే ఆడవాళ్ళ ఒళ్ళు మారిపోవు కదా! మారేది ఆస్పత్రి, డాక్టరు తీరిక, ఇంట్లోవాళ్ళ భయం, పంచాంగం. ముహూర్తం పెట్టించి కోయించుకునేవాళ్ళు మనలో తక్కువేమీ కాదు. వైద్యపరంగా కారణం లేకుండా 39 వారాలు నిండకముందే తీయిస్తే కొందరు బిడ్డలకి ఊపిరి ఆయాసం వస్తుందని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. జాతకంలో గురుబలం చూసుకుని బిడ్డని అద్దాలపెట్టెలో పెట్టించడం ఏం తెలివో!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో 100కి 10–15 మించి అవసరం ఉండదంది. 2015లో మళ్ళీ పరిశీలించి, జనాభా మొత్తం మీద 10 దాటాక చావులు తగ్గినట్టు కనబడటం లేదని చెబుతూనే, అంకె వెంట పడకండి, అవసరమైన ప్రతి ఆడదానికీ ఆపరేషను అందేట్టు చూడండి అంది. ఆ రెండో మాట మన పేపర్లలో పెద్దగా కనబడదు. అదే సర్వేలో నాగాలాండ్ అంకె 5.2, బీహారు 9.7. ఆ తక్కువ అంకెలో మా పెద్దమ్మలాంటివాళ్ళు ఎందరున్నారో ఎవరు లెక్కపెట్టారు? దేశంలో లక్ష కాన్పులకి తల్లుల మరణాలు 1997–98లో 398, 2018–20 నాటికి 97. దానికి కారణాలు చాలా ఉన్నాయి, సమయానికి చేసిన ఆపరేషను వాటిలో ఒకటి.

అంకెలతో డాక్టర్లనీ ఆస్పత్రులనీ నిలదియ్యండి, ప్రభుత్వాన్ని నిలదియ్యండి. బాలింత మంచం పక్కన కూర్చుని ఆ పంచాయతీ పెట్టకండి. ఆవిడ మీ సర్వేలో అంకె కాదు.

నిజంగానే కారణం సరిగా చెప్పకుండా కోసేసిన సందర్భాలుంటాయి. మా బ్రాంచిలో హొసూరు వైపు తెలుగమ్మాయి ఒకతె ఉంది. శుక్రవారం సాయంత్రం "ఉమ్మనీరు తగ్గింది, ఇప్పుడే చెయ్యాలి" అన్నారట. అంతకు రెండు రోజుల ముందే చేసిన స్కానింగులో అంతా బాగుందని రాసి ఉంది. ఎన్నిసార్లు అడిగినా ఆ ఆస్పత్రిలో సరైన జవాబు రాలేదు. ఇప్పుడు వాళ్ళ బాబుకి నాలుగేళ్ళు. "అక్కా, నాకు కోపం పోలేదు, పోవాలా?" అని ఒకరోజు లంచ్ టైములో అడిగింది. పోనక్కర్లేదన్నాను. సర్దుకుపోవడం అంటే జరిగిందంతా మంచికేనని ఒప్పుకోవడం కాదు కదా. ఆస్పత్రి మీద కోపం వేరు, తన ఒంటి మీద తనకి కోపం వేరు. మొదటిది ఆ అమ్మాయి ఉంచుకున్నా ఫరవాలేదు. రెండోది మెల్లగా పోతోందనే చెప్పింది. ఇదివరకు స్నానాలగదిలో అద్దం వైపు చూసేదాన్ని కాదక్కా, ఇప్పుడు చూస్తున్నాను అంది.

ఇక ఇంట్లో పెద్దవాళ్ళకి కొన్ని సంగతులు. ఇది కడుపు మీద పెద్ద ఆపరేషను. చర్మం, కొవ్వు, కండ మీది పొర, లోపలి పొర, గర్భసంచి వరసగా తెరిచి మళ్ళీ కుట్టాలి. బిడ్డ కొద్ది నిమిషాల్లో బయటికొస్తుంది, కుట్లకే అరగంట పైన పడుతుంది. అదే గాల్‌బ్లాడరు ఆపరేషనైతే మగాణ్ణి పదిహేను రోజులు మంచం దిగనివ్వం. ఈవిడ మాత్రం ఆ రాత్రే లేచి బిడ్డకి పాలివ్వాలి, వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడాలి. "బాధ పడకుండా కన్నది" అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు అంతుపట్టదు.

పప్పు తింటే చీము పడుతుందని, నీళ్ళు తాగితే పొట్ట వస్తుందని బాలింతని ఎండగట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. గాయం మానాలంటే పప్పూ, గుడ్డూ, పెరుగూ కావాలని డాక్టర్లంటారు. నీళ్ళు తాగకపోతే మలబద్ధకం, ముక్కితే కుట్ల మీద పోటు. కారప్పొడులూ, వెల్లుల్లీ మీ ఇష్టం, నేను కాదనను, మా అమ్మ పెట్టిన కాయం ముద్ద నేనూ తిన్నాను. నీళ్ళు మాత్రం తాగనివ్వండి. వెన్నులో సూది వల్ల జన్మంతా నడుం నొప్పి ఉంటుందన్నది కూడా రుజువు కాని మాట. సూది పడినచోట కొన్నాళ్ళు సలపరం ఉండొచ్చు. బిడ్డని వంగి ఎత్తుకుంటూ, వంగి పాలిస్తూ ఉంటే నడుం నొప్పి ఎలా కన్నవాళ్ళకైనా వస్తుంది.

అల్లుళ్ళకీ కొడుకులకీ ఒక మాట. ఆపరేషను గదిలోనో గుమ్మం దగ్గరో మీరు చూసిందీ విన్నదీ మీ భార్యకి వివరంగా చెప్పండి. బిడ్డని బయటికి తెచ్చినప్పుడు ఎన్ని గంటలైంది, ఏ బట్టలో చుట్టి తెచ్చారు, మీకు కాళ్ళు వణికాయా, అన్నీ. మా అల్లుడు మొహమాటస్తుడు, ఏమీ మాట్లాడడు. కానీ ఫోనులో ఆ రోజు తీసిన పదకొండు ఫొటోలూ వరసలో పెట్టి, ఒక్కొక్కటి ఎప్పుడు తీశాడో చెప్పాడు. అమ్మాయికి అది నా ఓదార్పులన్నిటికంటే ఎక్కువ పనిచేసింది.

రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోయినా, బిడ్డని చూస్తే ఏమీ అనిపించకపోయినా, నిద్రా తిండీ పోయినా అది సిజేరియన్ బెంగే అనుకుని ఊరుకోకండి. వెంటనే డాక్టరుకి చూపించండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే ఉచిత ఫోను సేవ ఉంది, నంబరు 14416. మానసికమైన ఇబ్బందులకి తెలుగులో కూడా మాట్లాడతారు. ప్రాణం తీసుకోవాలనో, బిడ్డని ఏమైనా చెయ్యాలనో ఆలోచన వస్తోందంటే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పోయిన సంచికలో కాగితాలు భద్రం చేసుకోవడం గురించి రాస్తే, సోలాపూర్ నుంచి ఒక సోదరి ఆస్పత్రి కాగితాలు ఎన్నేళ్ళు దాచాలని అడిగారు. తనకి మొదటిది ఆపరేషను, రెండోది మామూలుగా అవుతుందా అని కూడా కింద చిన్న అక్షరాలతో రాశారు. ఆమె అసలు ప్రశ్న అదేనని తెలుస్తూనే ఉంది. అమ్మా, అది మీ డాక్టరు తేల్చాల్సిన విషయం. నాకు తెలిసినంతవరకు, ఒక్కసారే ఆపరేషను జరిగి, గర్భసంచి మీద కోత కింది భాగంలో అడ్డంగా ఉండి, వేరే చిక్కులు లేకపోతే ప్రయత్నించవచ్చంటారు. అలా ప్రయత్నించినవాళ్ళలో నూటికి 60 నుంచి 80 మందికి మామూలు కాన్పు అవుతుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది కనక, ఏ వేళనైనా ఆపరేషను చెయ్యగలిగిన ఆస్పత్రిలోనే ఉండాలి. రెండోసారి కూడా ఆపరేషనే ఎంచుకుంటే అదీ మీ ఇష్టమే, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. పైకి చర్మం మీద కనిపించే మచ్చని బట్టి లోపలి కోత ఎలా ఉందో చెప్పలేరు. అది ఆపరేషను కాగితంలోనే ఉంటుంది. కాబట్టి డిశ్చార్జి సమ్మరీతో పాటు ఆపరేషను వివరాల కాగితం కూడా అడిగి తీసుకోండి. మీ పిల్లల కాన్పులన్నీ అయ్యేదాకా ఆ రెండూ పారెయ్యకండి. నకళ్ళు తీసి ఒకటి పుట్టింట్లో, ఒకటి అత్తింట్లో ఉంచండి.

లాకరు నామినేషన్ గురించి వచ్చిన ఉత్తరాలకి జవాబులు వచ్చే సంచికలో.